పాలెగాడి ఊళ్లో ఆడపిల్ల గస్తీ

(గత సంచిక తరువాయి)

పోయిన సంచికలో చిత్తూరు పాలెగాళ్ల కోటలు, వాళ్ల కట్టుబడి బంట్లు, వాళ్లు కట్టిన పేష్కష్‌లు (కప్పాలు), ఎగ్గొట్టిన పేష్కష్‌లు చూశాం. ఆ లెక్కలన్నీ ఈస్టిండియా కుంపిణీ కాగితాల్లో ఉన్నాయి. కాగితాలకెక్కని సంగతి ఒకటుంది. పాలెగాడి ఏలుబడిలో పొద్దుగూకాక వీధిలోకి వచ్చిన ఆడమనిషి బతుకు ఎట్లా ఉండేది? కలెక్టర్లకు శిస్తు కావాలి, సేనాధిపతులకు కోటగోడల ఎత్తు కావాలి. ఈ ప్రశ్న వాళ్లెవరికీ అక్కర్లేకపోయింది. తిరుపతి ఊరు మాత్రం దాన్ని వదిలిపెట్టలేదు. ఏటా మే నెల ఎండల్లో వారం రోజులపాటు ఆ ప్రశ్ననే వీధి వీధి తిప్పుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరను మొక్కుల పండగగా, వేషాల వేడుకగా చూడటం మనకు అలవాటైంది. దాన్ని చరిత్రకు సాక్ష్యంగా కూడా చదవాలన్నదే ఈ వ్యాసం వాదన. కాపలా కాయాల్సినవాడే కాటేసే ఊళ్లో ఒక పడుచుపిల్ల వారం రోజులు గస్తీ తిరిగి వాణ్ని పట్టుకుంది. ఆ గస్తీలో ప్రతి అడుగు వెనకా పాలెగాళ్ల కాలం నాటి తిరుపతి కనబడుతుంది.

కథ తెలియని తిరుపతివాసి ఉండడు గానీ, మిగతా పాఠకుల కోసం చెప్పుకోవాలి. గంగమ్మ తిరుపతిని ఆనుకుని ఉన్న అవిలాల ఊరి పిల్ల. నేతపని చేసుకునే కైకాలవాళ్లు ఆమెను తమ ఇంటి ఆడపడుచు అంటారు. వేంకటేశ్వరుడికి చెల్లెలని ఊరంతా అంటుంది. జాతరకు కొండమీది నుంచి దేవస్థానంవాళ్లు సారె పంపేది ఆ వరస మీదే. ఆ రోజుల్లో తిరుపతిని ఏలిన పాలెగాడు కంటికి నదరుగా కనబడ్డ పిల్లనల్లా చెరబట్టేవాడు. పెళ్లయిన పిల్ల మొదట తన ఇంటికే రావాలని శాసించాడు. గంగమ్మ మీద కూడా కన్ను వేశాడు. ఆమె మీద చెయ్యి వేయబోయేసరికి భూమ్యాకాశాలు ఏకమయ్యేట్టు విశ్వరూపం చూపింది. కొందరు ఇది పెళ్లిపీటల మీదే జరిగిందని చెబుతారు. వాడు హడలిపోయి పరుగెత్తి ఎక్కడో దూరాడు. ఆమె వాణ్ని వెదుకుతూ రోజుకో వేషంలో ఊరంతా గాలించింది. చివరికి దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటికి వచ్చాడు, తల తెగింది.

ఈ కథలో మనం గమనించకుండా దాటిపోయే మలుపు ఒకటుంది. విశ్వరూపం వాణ్ని చంపలేదు, తరిమింది అంతే. అమ్మవారి మహత్యం చెప్పడమే కథ ఉద్దేశమైతే అక్కడికక్కడే వాడి తల తెగిపడాలి, కథ ముగియాలి. మన పురాణాల్లో రాక్షసులు చాలామంది అట్లాగే పోయారు. ఈ కథ చెప్పినవాళ్లు ఆ తేలిక దారి పట్టలేదు. ఎంత పెద్ద రూపానికైనా భయపడి దాక్కోగలిగినవాడు, జనం సద్దుమణిగాక మళ్లీ బయటికి రాగలడని వాళ్లకు తెలుసు. అందుకే ఆమెను మామూలు మనిషి ఎత్తుకు దించి, కాళ్లరిగేలా వీధులు తిప్పారు. ఒకసారి ఉగ్రం చూపించడం వేరు, వారం రోజులు వదలకుండా వెంటబడడం వేరు. నేరస్థుడిని పట్టించింది రెండోది. 1939లో బ్యాట్‌మ్యాన్, 1941లో వండర్ ఉమన్ అమెరికా బొమ్మల కథల్లో పుట్టారు. మారువేషంలో చీకటి నగరాన్ని కాపలా కాసే వీరులకు వాళ్లే ఆదిపురుషులు, ఆదిస్త్రీలు అని నేటి పిల్లలు అనుకుంటున్నారు. రహస్యంగా ఉంచిన శక్తి, మారువేషం, చట్టానికి అందని దుర్మార్గుడు, వీధి వీధినా వెదుకులాట, ఇవన్నీ తిరుపతి పిల్లలకు ముత్తవ్వల నాటి నుంచి ఇంటి కథలోనే ఉన్నాయి. వాళ్లకు ఆ సంగతి చెప్పాల్సింది మనమే.

ఇక వేషాల దగ్గరికి వద్దాం, సాక్ష్యం దండిగా ఉన్నది ఇక్కడే. మంగళవారం రాత్రి చాటింపు పడుతుంది. అవిలాల నుంచి పుట్టింటి పసుపు కుంకుమ వస్తుంది. ఊరి పొలిమేరలు కట్టేస్తారు. చాటింపు విన్నవాళ్లు జాతర ముగిసేదాకా ఊరు దాటకూడదు. మరునాటి నుంచి భక్తుల వేషాలు మొదలవుతాయి. బైరాగి వేషానికి ఒళ్లంతా నామంకొమ్ము పూసుకుంటారు. బండ వేషానికి కుంకుమ పూసుకుని, ఎదురైనవాళ్లనల్లా బూతులు తిడతారు. తోటి వేషానికి ఒంటికి బొగ్గుపొడి, చేతిలో వేపమండ. దొర వేషానికి గంధం, నిమ్మకాయల దండ. తర్వాత మాతంగి, ఆపైన చిల్లులు పొడిచిన కుండలు నెత్తిన పెట్టుకునే సున్నపుకుండలు. వీటికి సమాంతరంగా కైకాల కుటుంబం మిరాశీగా వేసే వేషాలు వేరే నడుస్తాయి. వాటిలోనే దొర పాలెగాడి తల నరికే ఘట్టం వస్తుంది. ఆ వేషధారి గడప గడపకూ వస్తాడు. ఇంటి ఆడవాళ్లు బిందెడు నీళ్లు కాళ్లమీద పోసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి ఇస్తారు. గుడికి వెళ్లి మొక్కే దేవత ఇక్కడ గడపలోకి నడిచొస్తుంది. ఏ వీధినీ, ఏ సందునూ విడిచిపెట్టని ఆ నడకను గస్తీ అని పిలవడంలో అతిశయోక్తి లేదు.

మారువేషానికి ఈ రూపాలనే ఎందుకు ఎంచుకున్నట్టు? పాలెగాళ్ల కాలంలో ఏ వేళలోనైనా, ఏ వీధిలోనైనా ఎవరూ నిలదీయకుండా తిరగగలిగినవాళ్లు ఎవరో లెక్క వేసి చూస్తే జవాబు దొరుకుతుంది. తిరుపతి యాత్రికుల ఊరు. ఉత్తరాది నుంచి వచ్చే బైరాగులు అక్కడ కొత్తకాదు, ఏ ఊరివాడివని వాళ్లను అడిగేవాళ్లూ ఉండరు. వాళ్ల హాథీరాంజీ మఠానికే 1843లో కుంపిణీ కొండమీది గుడి పెత్తనం అప్పగించింది, 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడేదాకా అది వాళ్ల చేతిలోనే నడిచింది. తోటి ఊరి ఊడిగం చేసేవాడు, కబురు మోసేవాడు. రచ్చకట్ట దగ్గర అతనికి చోటు లేకపోయినా ప్రతి ఇంటి పెరటిదారీ అతనికి తెలుసు. ఎవరింట్లో ఎవరు దాక్కున్నారో ముందు తెలిసేది అతనికే. బండ బూతులకూ ఒక పని ఉంది. రోషం పుట్టి పాలెగాడు పౌరుషానికైనా బయటికి వస్తాడని అమ్మ తిట్టిందని ఊరివాళ్లే చెబుతారు. మొదట ఊరికి పరాయివాడు, ఆ తర్వాత మర్యాద పట్టనివాడు, ఆ తర్వాత అందరికంటే కింద నిలబెట్టినవాడు. అధికారం కన్ను ఆనని మనుషులందరి కళ్లతోనూ ఆమె ఊరిని గాలించింది.

చివరికి వాడు బయటికి వచ్చింది దొరను చూసి. ఈ కథ పాలెగాళ్ల రాజకీయం తెలిసినవాళ్లే అల్లారని చెప్పడానికి నాకు ఇంతకంటే గట్టి ఆధారం కనబడదు. పాలెగాడు ఊళ్లో ఎంత విర్రవీగినా పైవాడికి కప్పం కట్టాల్సినవాడే. 1565 తళ్లికోట తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కణ్నుంచి తిరుపతి పక్కనున్న చంద్రగిరికి వచ్చారు. 1646లో చంద్రగిరి గోల్కొండ చేతికి పోయింది. ఆ తర్వాత మొగలులు, ఆర్కాటు నవాబులు, 1740లో దామలచెరువు కనుమ దగ్గర నవాబు దోస్త్ అలీని చంపిన మరాఠాలు, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో 1782 డిసెంబరు 7న కన్నుమూసిన హైదరాలీ, చివరికి 1801లో నవాబు నుంచి ఈ నేలనంతా రాయించుకున్న కుంపిణీ. ఇందరు దొరలు మారారు. ఎవరు వచ్చినా ఎదురేగి నజరానా పెట్టడం, వాళ్లు వెళ్లగానే ఊరిమీద పడడం పాలెగాళ్ల బతుకుతెరువు. దొర వచ్చాడంటే దాక్కున్న పాలెగాడు దాగుండలేడు, ముఖం చూపించి తీరాలి. వాడి అధికారం మొత్తం ఆ ఒక్క వంగుబాటు మీదే నిలబడి ఉంది. గంగమ్మ వాణ్ని పట్టింది ఆ బలహీనత దగ్గరే.

పాలెగాడి అసలు ఉద్యోగం ఏమిటో గుర్తు చేసుకుంటే ఈ వెదుకులాట అర్థం మరింత లోతుకు పోతుంది. కుంపిణీ వ్యవహారాల మీద 1812లో బ్రిటిష్ పార్లమెంటుకు చేరిన అయిదో నివేదికలో పాలెగాళ్లు వసూలు చేసే కావలి రుసుముల ప్రస్తావన వస్తుంది. దేశకావలి, స్థలకావలి అని రెండు రకాలు. పొలాలను, సంతలను, బాటసారులను దొంగల నుంచి కాపాడినందుకు రైతులు, వర్తకులు కట్టే సొమ్ము అది. తన హద్దులో దొంగతనం జరిగితే సొత్తు వెతికించి ఇవ్వాలి, లేదంటే నష్టం తానే పూడ్చాలి. అంటే ఆ కాలానికి పోలీసు ఇతనే. రాత్రి కాపలాకు జీతం తీసుకున్నవాడు ఇతనే. కంచే చేను మేసిందని ఫిర్యాదు చేయాలన్నా వెళ్లాల్సింది ఆ కంచె దగ్గరికే. ఇటువంటి ఊళ్లో నేరం ఎవరు చేశారన్నది రహస్యం కాదు, పట్టుకునేవాళ్లు ఎవరన్నదే సమస్య. గస్తీ హక్కు పాలెగాడి నుంచి జారి మగ్గం నేసేవాళ్ల ఇంటి ఆడపిల్ల చేతికి వచ్చిందని చెప్పడమే ఈ కథలోని అసలు తిరుగుబాటు.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. మొదటిది, ఆ పాలెగాడు ఎవరు, ఏ ఏట బతికాడు, వాడి కోట ఎక్కడ అన్నది. కథ వాడికి పేరు పెట్టలేదు. పేరులేనివాణ్ని చరిత్రలోకి ఎట్లా తెస్తామని అడగొచ్చు. పేరు లేకపోవడం నాకు లోపంగా కనబడదు. జనం గుర్తుంచుకోదలచింది ఒక దుర్మార్గుణ్ని కాదు, ఒక పదవిని. పదవి కథకు హద్దు కూడా గీస్తుంది. జాతర తొమ్మిది వందల ఏళ్ల నాటిదని చెప్పుకోవడం వింటుంటాం. గంగమ్మ కొలువు అంత పాతదే కావచ్చు. విజయనగర కాలంలో పాలెగాళ్ల ఏర్పాటు వేళ్లూనకముందు మాత్రం పాలెగాణ్ని వెదికే కథ పుట్టే వీల్లేదు. పాత కొలువు మీద కొత్త బాధ వచ్చి కూర్చుంది. అందుకే నాకు ఈ జాతర విలువ దాని ప్రాచీనతలో కన్నా, తన కాలపు గాయాన్ని తనలో దాచుకోవడంలోనే కనబడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. కొత్త పెళ్లికూతురు మొదట ఏలికకు దక్కాలన్న కథ ఒక్క తిరుపతిదే కాదు. నాలుగు వేల ఏళ్ల నాటి గిల్గమేష్ కథలో ఉరుక్ రాజు మీద కూడా ఇదే ఆరోపణ ఉంది. యూరప్ జమీందార్లకు అటువంటి హక్కు ఉండేదన్న నమ్మకాన్ని ఫ్రెంచి చరిత్రకారుడు అలాన్ బూరో 1995లో పుస్తకంగా పరిశీలించి, అది చట్టంగా ఉన్నట్టు ఆధారం లేదని తేల్చాడు. మరి తిరుపతి పాలెగాడి శాసనం మాత్రం నిజమని ఎట్లా అంటాం? అనడం లేదు. అటువంటి శాసనం వెలువడిందని ఈ జాతర రుజువు చేయలేదు. రుజువు చేసేది వేరొకటి. తమను ఏలేవాడి మీద ఊరు ఏ నేరం మోపిందో అది చెబుతుంది. శిస్తు ఎక్కువ వేశాడనో, ఎడ్లను తోలుకుపోయాడనో ఆరోపించి ఉండొచ్చు, అవీ జరిగిన పనులే. అన్నిటినీ వెనక్కి నెట్టి ఆడపిల్ల మానాన్ని ముందుకు తెచ్చారు. అధికారాన్ని తూచడానికి ఒక ఊరు ఏ తూనికరాయి వాడిందన్నది చరిత్రకారుడికి తిరుగులేని సమాచారం.

మూడోది, గంగమ్మ వ్యాధులను ఆపే తల్లి, ఎండాకాలపు మశూచిని చల్లార్చే తల్లి, నేరాలతో ఆమెకు పనేమిటన్న మాట. అంబలి, వేపాకు, పొలిమేర కట్టడం అన్నీ ఆ వైపే చూపుతాయి. అది నిజం, నేను కాదనను. అయితే రోగం కథకు పాలెగాడితో అవసరం లేదు. చుట్టుపక్కల ఎన్నో గంగమ్మ జాతరలు అతను లేకుండానే నడుస్తున్నాయి. పాలెగాడు కావాలని చేర్చుకున్నవాడు. చౌడేపల్లె దగ్గరి బోయకొండ గంగమ్మను చూడండి. అక్కడ నవాబు సేన పల్లెల మీద పడితే కొండెక్కి మొరపెట్టుకున్న బోయల కోసం అమ్మ ఆ సేనను నరికిందని చెబుతారు. ఒకే చిత్తూరు సీమలో ఒకే పేరున్న తల్లి. యాత్రికుల ఊళ్లో పాలెగాడు, కొండపల్లెల్లో దండెత్తిన సేన. ఏ ఊరు ఎవరి వల్ల ఏడ్చిందో ఆ ఊరి గంగమ్మ వాణ్నే చంపింది. మూసలో పోసిన కథలైతే ఈ తేడా రాదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం చివరిది. వేషం వేసేది మగవాళ్లు. వీధుల్లో తిరిగేదీ వాళ్లే. ఆడపిల్ల గస్తీ అంటూ అసలు ఆడవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టిన పండగ కాదా ఇది? జాయిస్ ఫ్లూకిగర్ ఏళ్ల తరబడి తిరుపతి వచ్చి పరిశోధించి 2013లో వెలువరించిన పుస్తకంలో దీనికి ఒక జవాబు ఉంది. ఆడవాళ్లు వేషం వేయకపోవడానికి కారణం వాళ్లకు ఆ అవసరం లేకపోవడమే. గంగమ్మ శక్తి వాళ్లకు పుట్టుకతో ఉంది. మారాల్సింది మగవాళ్లు, అందుకే వాళ్లు చీర కట్టి జడ వేసుకుంటారు. ఈ మాటలో బలం ఉంది. పాలెగాడి జాతికి చెందిన మగవాణ్ని ఏడాదికొకసారి ఆడదాని వేషంలో ఆమె నడిచిన దారినే నడిపించడం గొప్ప శిక్షణ. అయినా అంతటితో తృప్తిపడలేం. ఇదే చిత్తూరు సీమలో మాతమ్మ పేరిట దళిత ఆడపిల్లలను దేవతకు వదిలేసే ఆచారం ఉంది. దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ రాష్ట్రం 1988లోనే చట్టం చేసింది. అయినా 2017లో జాతీయ మానవహక్కుల కమిషన్ ఈ ఆచారం మీద ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది. కామాంధుణ్ని నరికిన తల్లికి పొంగళ్లు పెట్టే నేల మీదే అమ్మవారి పేరు చెప్పి పిల్లలను అంగడికి వదిలారు. పూజ తనంతట తాను ఏ ఆడపిల్లనూ కాపాడదని ఇంతకంటే కఠినంగా చెప్పే సాక్ష్యం లేదు. నా వాదన దీనితో కూలదు. జాతర ఆడవాళ్లకు రక్షణ ఇచ్చిందని నేను అనలేదు. రక్షణ లేదని, దాన్ని ఎవరు ఇవ్వాలో కూడా తెలుసని అది ప్రతి ఏడూ ఊరి నడివీధిలో చెబుతోందన్నాను.

చెప్పిన మాట మనం ఎంత విన్నాం అన్నది వేరే ప్రశ్న. 2024 డిసెంబరులో వచ్చిన పుష్ప 2 సినిమాతో గంగమ్మ జాతర దేశమంతా తెలిసింది. చీర కట్టి, ఒంటికి నీలిరంగు పూసుకున్న అల్లు అర్జున్‌ను చూసి జనం ఊగిపోయారు. ఆ సినిమాలో కూడా ఆపదలో పడింది ఆడపిల్లే, కాకపోతే కాపాడింది వీరుడైన చిన్నాన్న. వేషం నిలిచింది, వేషం వెనక ఉన్న అవిలాల పిల్ల పక్కకు తప్పుకుంది. ఇంత ఆదరణ పొందిన సన్నివేశంలో ఆ ఒక్క మార్పు నాకు బాధ కలిగించింది. కథకు ఉన్న ప్రాణం ఆ పిల్లే.

పాలెగాళ్లు పోయాక కాపలా ఎవరి చేతికి వెళ్లిందో చూస్తే ఆ బాధకు చరిత్రలోనే మూలం దొరుకుతుంది. 1804–05లో కుంపిణీ సేన పడమటి చిత్తూరు పాళ్యాల మీదికి నడిచింది. పాలెగాళ్ల కావలి హక్కులు రద్దయ్యాయి. 1816 నాటి పదకొండో రెగ్యులేషన్ ఊరి పోలీసు పనిని గ్రామ పెద్దకు, అతని కింద తలారికి అప్పగించింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి యూనిఫారం వేసుకున్న కొత్త దళాన్ని తెచ్చింది. మూడు అంచెల్లోనూ గస్తీ మగవాడి చేతి నుంచి మగవాడి చేతికే మారింది. 1816 నుంచి లెక్కేస్తే సుమారు రెండు వందల ఏళ్ల తర్వాత, 2014 అక్టోబరు 24న హైదరాబాదులో ఆడవాళ్ల రక్షణకు పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాయి. వాళ్లు చేసే పని చూడండి. యూనిఫారం తీసేసి మఫ్టీలో బస్‌స్టాపుల్లో, కాలేజీ గేట్ల దగ్గర మామూలు ప్రయాణికుల్లా నిలబడతారు. వేధించేవాడు తనంతట తాను బయటపడ్డాక పట్టుకుంటారు. లాఠీని, టోపీని చూస్తే వాడు దాక్కుంటాడని వాళ్లకు అనుభవం నేర్పింది. విశ్వరూపాన్ని చూసి పాలెగాడు దాక్కున్నట్టే. కథ అల్లినవాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు.

తిరుపతి ఇప్పుడు రోజుకు 60, 70 వేలమంది యాత్రికులు కొండకు వచ్చిపోయే ఊరు. 1983 నుంచి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. తెల్లవారుజామున పూలబుట్టలతో దిగే ఆడవాళ్లు, అర్ధరాత్రి బస్సు దిగి సత్రం వెతుక్కునే ఆడవాళ్లు, రాత్రి డ్యూటీ ముగించుకుని ఇల్లు చేరే నర్సులు అదే వీధుల్లో నడుస్తారు. జాతర వారంలో ఆ వీధులన్నీ రాత్రంతా మేలుకుని ఉంటాయి, దీపాలు వెలుగుతాయి, ఆడవాళ్లు పొద్దుపోయేదాకా గడపల్లో, గుడి ముందు నిర్భయంగా ఉంటారు. ఏడాదిలో తక్కిన యాభై ఒక్క వారాలకు అదే ఏర్పాటు అడగడానికి తిరుపతి ఆడవాళ్లకు ఎవరి నుంచీ వాదన అరువు తెచ్చుకోనక్కర్లేదు.

(పులిచెర్ల, కల్లూరు, పాకాల, మొగరాల పాలెగాళ్ల మీదికి కుంపిణీ సేన ఎందుకు నడిచిందో, వాళ్ల కట్టుబడి బంట్లు ఆ తర్వాత ఏమయ్యారో వచ్చే సంచికలో)